కరవు మూలం వెదకిన కాటన్

అన్నదానాన్ని మించిన దానం లేదని మన పెద్దలు చెబుతారు. ఆకలిగొన్నవానికి పట్టెడన్నం పెట్టడం మానవధర్మం. అయితే నేడు తీరిన ఆకలి రేపు మళ్లీ మొదలవుతుంది. అందుచేత అన్నం పెట్టే చేయి ఎంత గొప్పదో, ఆ ఆకలి ఎందుకు పుట్టిందో వెదకి తెలుసుకొనే బుద్ధి కూడా అంత గొప్పది. కృష్ణా, గోదావరి డెల్టాల చరిత్రలో ఈ రెండవ గుణానికి నిలువెత్తు నిదర్శనం సర్ ఆర్థర్ కాటన్ జీవితం.

విజయవాడ నుంచి దివిసీమ వైపు ప్రయాణించేవారికి బాట పొడవునా కాలువలు, వాటి వెంట పచ్చని వరిచేలు, అరటి తోటలు, చెరకు తోటలు కనిపిస్తాయి. ఈ నేలను చూసినవారు దీనికి అన్నపూర్ణ అన్న పేరు పుట్టుకతోనే వచ్చిందని భావిస్తారు. కాని రెండు వందల ఏళ్ల క్రితం ఈ నేల కథ వేరు. అప్పుడూ కృష్ణ ఇలాగే ప్రవహించేది. మన్నులో సారం ఇలాగే ఉండేది. రైతు చేతులలో పనితనం కూడా తక్కువేమీ కాదు. అయినా జనం అన్నం లేక మరణించారు.

1832-33లో వచ్చిన కరవును తెలుగువారు నందన కరవు అన్నారు. అది నందన నామ సంవత్సరం కావడమే ఆ పేరుకు కారణం. గుంటూరు సీమలో వానలు ముఖం చాటేశాయి. గాదెలు ఖాళీ అయ్యాయి. పశువులకు గడ్డి దొరకలేదు. ధాన్యం ధర పేదవానికి అందనంత ఎత్తుకు పెరిగింది. ఉన్నవి అమ్ముకొని కొందరు, ఏమీ లేక కొందరు పిల్లాపాపలతో ఊళ్లు విడిచి మద్రాసు దారి పట్టారు. వారిలో ఎందరో గమ్యం చేరకుండానే దారి పక్కన కూలిపోయారు. నాటి లెక్కల ప్రకారం గుంటూరు జిల్లాలోని ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది ఆ కరవుకు బలి అయ్యారు. మనుషులు లేక ఎన్నో పొలాలు బీళ్లుగా మారాయి.

ఆ ఘోరంలో మరింత బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. కృష్ణానది జలాలలో అధిక భాగం ఎక్కడో పడమటి కనుమలలో కురిసిన వానల వలన వచ్చేవే. బెజవాడలో చినుకు రాలకపోయినా, పడమట వానలు కురిస్తే నది ఇక్కడ నిండుగా పారుతుంది. కాని నది నీరు పల్లంలోను, పొలం మెరకలోను ఉండేవి. వరద వచ్చినప్పుడు నది గట్లు దాటి చేలను ముంచేది. వరద తీయగానే అందకుండా కిందికి పోయేది. ఈ విధంగా ఒక ఏడు ముంపు, మరొక ఏడు ఎండ రైతును పీడించేవి. నీరంతా ఏటేటా బంగాళాఖాతంలో కలిసిపోయేది. నది ఒడ్డున కూర్చొని దప్పికతో అలమటించడం అంటే ఇదే.

పేదరికానికి ఇతర కారణాలు కూడా తోడయ్యాయి. మచిలీపట్నం పేరు చెబితే దేశదేశాల వర్తకులకు మేలైన వస్త్రాలు గుర్తుకు వచ్చిన కాలం ఒకటి ఉండేది. ఇంగ్లండులో యంత్రాలు వచ్చిన పిమ్మట అక్కడి బట్టలు చౌకగా దిగుమతి కాసాగాయి. ఈస్టిండియా కంపెనీ ఈ తీరంలో వస్త్రాల కొనుగోలును క్రమంగా తగ్గించి, చివరకు మానుకొన్నది. వేలాది మగ్గాలు మూలపడ్డాయి. నేత వృత్తిపై బతికినవారు కూలి కోసం పొలాలకు వచ్చారు. పొలాలలో పంట లేదు. పన్నుల భారం మాత్రం తగ్గలేదు. నాటి అధికారులలో కొందరు ఈ దుస్థితిని ప్రజల సోమరితనానికి, మరికొందరు వారి తలరాతకు అంటగట్టారు. ఆ రెండు మాటలూ సత్యం కావని నిరూపించడానికి కాటన్ వంటివాడు రావలసి వచ్చింది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరం మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండుగురు కుమారులలో ఆర్థర్ పదవవాడు. పదిహేనవ ఏట ఆడిస్‌కోంబ్‌లోని కంపెనీ సైనిక విద్యాలయంలో చేరాడు. చదువు ముగించుకొని 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారిగా నియమితుడై, 1821లో భారతదేశానికి వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిదేళ్లు. మొదట సర్వే పనులు చేశాడు. బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. అయినా ఆయన మనస్సు యుద్ధాలపై నిలవలేదు. కావేరీ నది పనుల బాధ్యత దక్కినప్పుడే ఆయనకు తన జీవితమార్గం దొరికింది.

తంజావూరు సీమకు ప్రాణాధారమైన కావేరిపై ప్రాచీన చోళరాజు కరికాలుడు కట్టించినట్లు చెప్పే కల్లణై అనే ఆనకట్ట ఉంది. కాటన్ దానిని శ్రద్ధతో పరిశీలించాడు. లోతైన ఇసుక పరచుకొన్న నదిలో కట్టడం నిలవదని ఆ కాలపు ఇంజనీర్లు భయపడేవారు. కాని కల్లణై శతాబ్దాలుగా ఆ ఇసుకలోనే నిలిచి ఉన్నది. పెద్ద రాళ్లను ఇసుకలోకి దించి, అవి కుదురుకొన్న తరువాత వాటిపై కట్టడం లేపే ఉపాయాన్ని మన పూర్వులు ఏనాడో కనిపెట్టారని కాటన్ గ్రహించాడు. పాలించడానికి వచ్చిన జాతికి చెందినవాడైనా, పాలితుల పూర్వికుల వద్ద విద్య నేర్చుకోవడానికి ఆయన సంకోచించలేదు. ఆ విద్యతో 1836లో కావేరి పాయ అయిన కొల్లడం నదిపై రెండు ఆనకట్టలు కట్టాడు. తంజావూరు పంటలు స్థిరపడ్డాయి.

అనంతరం ఆయన తెలుగు తీరానికి బదిలీ అయ్యాడు. కొంతకాలం విశాఖపట్నంలో పనిచేసిన పిమ్మట 1844లో రాజమండ్రి జిల్లా పరిస్థితిని పరిశీలించే పని ఆయనకు అప్పగించబడింది. ఆయన కాగితాలు చూసి ఊరకుండలేదు. గోదావరి పాయల వెంట తిరిగాడు. ఏ నేల ఎంత మెరకలో ఉన్నదో కొలిచాడు. పాడుపడిన చెరువులను, పూడిపోయిన కాలువలను చూశాడు. 1821లో 7,38,000 దాటి ఉన్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5,61,000కు పడిపోయింది. ఇరవై ఏళ్లలో లక్షన్నరకు పైగా మనుషులు తగ్గిపోయిన సీమ అది. కృష్ణకు దక్షిణాన నందన కరవు మిగిల్చిన గాయం పదేళ్లు దాటినా మానలేదు.

ఇక్కడ కాటన్ వేసిన ప్రశ్న సామాన్యంగా కనిపిస్తుంది. తంజావూరు సుభిక్షంగా ఉండగా, అంతకంటె పెద్ద నది, అంతకంటె సారవంతమైన నేల గల గోదావరి సీమ ఎందుకు పేదదై ఉంది? రెండు చోట్లా రైతు రైతే. రెండు చోట్లా ఎండా వానా ఉన్నవే. తేడా ఒక్కటే. తంజావూరులో నీటిని మళ్లించే కట్టడాలు ఉన్నాయి, ఇక్కడ లేవు. కాబట్టి ఈ పేదరికం ప్రజల దోషం కాదు, దైవశాపం అంతకన్నా కాదు, పాలకుల నిర్లక్ష్యమని ఆయన తన నివేదికలలో నిర్భయంగా వాదించాడు. ప్రజలనుంచి పన్ను వసూలు చేసే ప్రభుత్వానికి వారి పంటను కాపాడవలసిన బాధ్యత కూడా ఉందని గుర్తుచేశాడు. దైవభక్తి గల కాటన్ దృష్టిలో నదీజలం భగవంతుడు ఇచ్చిన నిధి. దానిని సముద్రం పాలు చేస్తూ ప్రజలను ఆకలికి వదలడం ఆయనకు పాపంగా తోచింది.

ఆయన ఆలోచనకు ప్రకృతియే సహకరించింది. డెల్టా భూములకు ఒక విశేషం ఉంది. నది తాను తెచ్చిన ఒండ్రును ఏటేటా తన ఒడ్డుల మీదనే ఎక్కువగా పరుస్తుంది. అందుచేత నది ఒడ్డు ఎత్తుగా ఉండి, నేల ఒడ్డునుంచి దూరం వెళ్లేకొద్దీ పల్లమవుతుంది. డెల్టా తలభాగాన నదికి అడ్డుగా కట్ట వేసి నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పెంచితే చాలు. ఏ యంత్రం సహాయమూ లేకుండా నీరు కాలువల వెంట లక్షల ఎకరాలకు తానే నడిచిపోతుంది. ఆనకట్ట చేసే పని ఇంతే. ఇంత తేలిక ఉపాయం ఉండగా వేలాది ప్రాణాలు పోవడమే కాటన్‌ను కలచివేసింది.

ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట పని 1847లో ఆరంభమైంది. నది అక్కడ లంకలతో నాలుగు పాయలుగా చీలి ఉన్నది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టడం సాగింది. మట్టి తవ్వినవారు, రాళ్లు మోసినవారు, సున్నం కాల్చినవారు వేలమంది అక్కడ చేరారు. వారిని సమకూర్చి పని నడిపించడంలో వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. ఎండలో విరామం లేకుండా శ్రమించిన కాటన్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1848లో ఆయన పనిని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. 1850లో తిరిగి వచ్చి మళ్లీ బాధ్యత చేపట్టాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

గోదావరి పని నడుస్తుండగానే కృష్ణ సంగతి ముందుకు వచ్చింది. బెజవాడ వద్ద ఆనకట్ట కట్టాలన్న తలపు పద్దెనిమిదవ శతాబ్దం చివరినాటిది. 1839, 1841 సంవత్సరాలలో ఇంజనీర్లు ఆ ప్రతిపాదనను మరల పరిశీలించారు. అయినా అది కాగితాలలోనే ఉండిపోయింది. కాటన్ దానిని గట్టిగా సమర్థించిన తరువాత, 1850లో కంపెనీ డైరెక్టర్లు అనుమతించారు. గోదావరిపై అనుభవం గడించిన కెప్టెన్ ఓర్ నిర్మాణ బాధ్యత స్వీకరించాడు. 1852లో పని మొదలై 1855లో ముగిసింది.

బెజవాడ వద్ద కృష్ణ ఒక వైపు ఇంద్రకీలాద్రికి, మరొక వైపు సీతానగరం కొండకు నడుమ ప్రవహిస్తుంది. గోదావరి వలె ఇక్కడ నది విశాలం కాదు. ఇరుకైనచోట వరద మరింత ఎత్తుగా, వడిగా వస్తుంది. కట్టడానికి కావలసిన రాయి ఇరువైపులా ఉన్న కొండలలోనే దొరకడం మాత్రం ఒక అనుకూలత. కిలోమీటరుకు మించిన పొడవుతో రాతి ఆనకట్ట ఆ రెండు కొండలను కలిపింది. ఆనాటివరకు పుష్కరాలకు, కనకదుర్గమ్మ దర్శనానికి పేరొందిన చిన్న ఊరు బెజవాడ. ఆనకట్ట వచ్చిన తరువాత అది కాలువల కూడలిగా మారి, క్రమంగా పెద్ద వర్తక కేంద్రమైంది. నగరం మధ్యగా సాగే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఆ వ్యవస్థలోనివే.

కాటన్ కాలువలను పొలానికి నీరందించే దారులుగా మాత్రమే భావించలేదు. అవి పడవలకు కూడా దారులు కావాలని ఆయన పట్టుపట్టాడు. బండి మీద ధాన్యం తరలించడం ఎంతో ఖర్చుతో కూడిన పని. పడవ మీద అదే ధాన్యం చౌకగా దూరం పోతుంది. ఒక ఊళ్లో పంట పండినా పక్క సీమకు చేరవేసే సాధనం లేకపోతే కరవు తీరదు. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. దక్షిణాన కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలవడం వలన మద్రాసు వరకు జలమార్గం ఏర్పడింది.

ఈ శ్రమ ఫలితం 1876-78లో తెలిసివచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరవు దక్షిణ భారతాన్ని గడగడలాడించింది. బళ్లారి, కర్నూలు, కడప సీమలలో లక్షలాది ప్రజలు నశించారు. గంజి కేంద్రాలు తెరిచినా ప్రాణాలు నిలబెట్టడం కష్టమయింది. అదే సమయంలో కృష్ణా, గోదావరి డెల్టాలలో పంట పండింది. అక్కడి ధాన్యం పొరుగు సీమలకు తరలివెళ్లింది. నాలుగు దశాబ్దాలకు పూర్వం తన బిడ్డలకు పిడికెడు గింజలు పెట్టలేకపోయిన కృష్ణాతీరం ఇప్పుడు ఇతరుల ఆకలి తీర్చింది.

ఇంత మేలు చేసినా కాటన్‌కు విరోధం తప్పలేదు. ప్రభుత్వం ధనాన్ని ముందు రైలు మార్గాలకు ఖర్చు చేయాలని చాలామంది వాదించారు. దేశానికి మొదట కావలసింది నీరు, జలమార్గాలు అని కాటన్ జీవితాంతం ఎదురువాదం చేశాడు. ఆయన ప్రోత్సహించిన పథకాలన్నీ విజయవంతం కాలేదు. తుంగభద్ర నీటిని మళ్లించిన కర్నూలు-కడప కాలువ దానిని చేపట్టిన కంపెనీకి తీవ్రనష్టం తెచ్చింది. ఆ వైఫల్యాన్ని చూపి విమర్శకులు ఆయన సిద్ధాంతాన్నే తప్పుపట్టారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సంఘం ముందు డెబ్బై ఐదేళ్ల వయస్సులో ఆయన సాక్ష్యమిచ్చాడు. కరవులో ప్రాణాలు పోయిన తరువాత ఖర్చు లెక్కించడం కంటె, కరవు రాకుండా ముందే ఖర్చు చేయడం మేలన్న తన మాటకు ఆయన కట్టుబడి నిలిచాడు.

ఆనకట్టలతో పేదరికం పూర్తిగా తొలగిపోయిందని చెప్పడం సత్యానికి దూరమవుతుంది. నీరు పారిన తరువాత భూమి విలువ పెరిగింది. భూమి ఉన్నవారు సంపన్నులయ్యారు. ప్రభుత్వానికి పన్ను రాబడి హెచ్చింది. కాని భూమి లేని కూలీలు కూలీలుగానే మిగిలారు. అంటరానివారుగా ముద్రపడినవారు ఊరి చివరనే ఉండిపోయారు. కాలువల చివరి భూములకు నీరు చాలని ఏళ్లు కూడా వచ్చాయి. కాటన్ కనుగొన్నది పేదరికానికి గల కారణాలలో ఒకటి మాత్రమే. భూమి, చదువు, సామాజిక గౌరవం వంటి తక్కిన కారణాలతో పోరాడే పని తరువాతి తరాలవారి వంతు అయింది. అయినా ఆకలిచావులు ఆగిన నేల మీదనే ఆ పోరాటాలకు చోటు దొరికింది.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేశాడు. 1861లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదమిచ్చి గౌరవించింది. వృద్ధాప్యంలో ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణంలో స్థిరపడి, అక్కడ కూడా తన తోటలో గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు చేస్తూ కాలం గడిపాడు. భారతదేశ నదులను కాలువలతో కలపాలన్న కోరిక ఆయనను చివరివరకు విడువలేదు. 1899 జులై 24న తొంభై ఆరేళ్ల వయస్సులో కన్నుమూశాడు. ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను గ్రంథంగా వెలువరించింది.

బెజవాడ పాత ఆనకట్ట దాదాపు వందేళ్లు సేవచేసింది. 1952లో దానికి గండి పడింది. అప్పుడు స్వతంత్ర భారతంలో మన ఇంజనీర్లు 1954లో కొత్త బ్యారేజీ నిర్మాణం ఆరంభించి 1957లో ముగించారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పేరిట వెలసిన ఆ బ్యారేజీ కింద 12 లక్షలకు పైగా ఎకరాలు సాగవుతున్నాయి. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీకి కాటన్ పేరు పెట్టారు. పరాయి పాలకులను దేశం విడిచి పొమ్మన్న తెలుగు ప్రజలే ఆ పాలకులలో ఒకడైన కాటన్ విగ్రహాలను డెల్టా గ్రామాలలో నిలుపుకొన్నారు. కన్నీరు తుడిచినవాని జాతి ఏదని రైతు అడగడు.

పేదవానిని చూసి జాలిపడేవారు లోకంలో చాలామంది ఉన్నారు. జాలి అవసరమే. అది లేనిదే ఏ మంచిపనీ మొదలుకాదు. కాటన్‌కు కూడా మొదట కలిగినది ఆ జాలియే. అయితే ఆయన దానిని అక్కడితో ఆపలేదు. నేలను కొలిచాడు, నదిని చదివాడు, పూర్వుల కట్టడాలకు శిష్యుడయ్యాడు, పై అధికారులను ఎదిరించి అడిగాడు. మన చుట్టూ ఉన్న పేదరికానికి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఒకచోట అది నీరు కావచ్చు. మరొకచోట చదువు, ఇంకొకచోట అప్పు, వ్యాధి కావచ్చు. పేదవానిని నిందించక ముందు ఆ కారణాన్ని వెదకడం, వెదకిన తరువాత దానిని తొలగించే పనికి పూనుకోవడం విద్యావంతుల కర్తవ్యం. నిండు కాలువలో పారే కృష్ణ నీరు ఆ కర్తవ్యాన్ని ఏటా మనకు గుర్తుచేస్తూనే ఉంటుంది.